గెలిచిన ఆటలో గతి తప్పిన బంతి

ఆగస్టు 26, సోమవారం

ఈ ఏడాది మన హాలోవే కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గురించి మాత్రమే రాస్తాను. కిందటేడు రాసుకున్నది నిన్న తిరగేస్తే అందులో ఆట పావు వంతు కూడా లేదు. మిగతాదంతా ఏడుపు. అలాంటిది పనికిరాదు.

శనివారం మొదటి ఆట. మన మైదానంలోనే, రెడ్‌క్లిఫ్ కాలేజీ మీద. కిందటేడు మన కొంగలు గెలిచింది రెండే. జట్టుకి కొంగ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, నెబ్రాస్కా అంతా ఎలుగుబంట్లూ ఎద్దులూ పేర్లు పెట్టుకుంటుంటే హాలోవేకి మాత్రం కొంగ దొరికింది. అయినా ఈసారి ఆశ ఉంది. బంతి విసిరే కుర్రాడు కొత్తవాడు, బ్రాండ్ట్ అని, చెయ్యి బలమైనదంటున్నారు. అడ్డుకునేవాళ్ళు బరువు పెరిగారు.

ఆటగాళ్ళ పేర్లు పత్రికలో వేశారు. అరవై ఒకటో నంబరు, ఎమెట్ డ్రే, రెండో సంవత్సరం, స్నాపర్, అంటే బంతి వెనక్కి అందించేవాడు. కిందటేడు కూడా పేరుంది కాని బెంచీ దాటి రాలేదు. ఈసారి వాడిదే మొదటి స్థానం.

చూశాను. అంతే.

ఆగస్టు 28, బుధవారం

వాన లేదు. నేల గట్టిగా ఉంటుంది. తన్నేవాడికి మంచిది. బంతి అందించేవాడికీ మంచిదే.

ఆగస్టు 31, శనివారం

గెలిచాం. 23–21. ఆఖరి క్షణంలో.

రేపు రాస్తాను.

సెప్టెంబరు 1, ఆదివారం

ముందు జట్టు సంగతి.

మొదటి సగంలో మనవాళ్ళు చక్కగా అడ్డుకున్నారు. ఆఖరిదైన నాలుగో భాగానికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. రెడ్‌క్లిఫ్ వాళ్ళు ఎడమ వైపు నుంచి ఒకే ఎత్తు మళ్ళీ మళ్ళీ వేస్తుంటే మనవాళ్ళు ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయారు. బ్రాండ్ట్ చెయ్యి బలమైనదే. ఆ బలం చూపించుకోవాలన్న ఆత్రం ఇంకా బలమైనది. పక్కనే ఖాళీగా ఉన్నవాణ్ణి వదిలేసి ఆ చివర ఎక్కడో ఇద్దరి మధ్య ఉన్నవాడికి విసురుతాడు. ఇంకో నాలుగు ఆటలు ఆడితే కుదురుకుంటాడు. కోచ్ మాత్రం మారలేదు. ఒక్క గజం ముందుకి తోసుకుపోతే చాలన్నచోట కూడా ధైర్యం చెయ్యక, తన్నించి మూడు పాయింట్లు పుచ్చుకుంటాడు. నిన్న ఆ పిరికితనమే మనల్ని గెలిపించింది. మూడుసార్లు తన్నారు, మూడూ స్తంభాల మధ్య నుంచి పోయాయి. ఆఖరిది గంట మోగుతుండగా పోయింది.

తన్నిన కుర్రాడు పెర్రిన్‌ని భుజాలకెత్తుకుని ఊరేగించారు. పొద్దున పెట్రోలు బంకులో కూడా వాడి మాటే.

మార్కులు: దాడికి ఆరు. అడ్డుకోవడానికి అయిదున్నర. తన్నినవాడికి పది. బంతి అందించినవాడికి తొమ్మిది.

మార్కులు వెయ్యడం పాత అలవాటు. ఆట అయ్యాక ట్రక్కులో ఇంటికొస్తూ వేసుకునేవాళ్ళం. నేనెంత వేస్తే దానికి అర తగ్గించేవాడు వాడు. పిల్లలు మెత్తగా ఉంటారంటారు. వాడు కాదు.

మెట్ల మీద నా పక్క సీటు ఎప్పటిలాగే మార్లిస్‌గారిది. డెబ్బై దాటినా, కళ్ళెదుట ఆట జరుగుతున్నా, చెవిలో రేడియో పెట్టుకుని వింటుంది. తన కళ్ళ మీద తనకి నమ్మకం లేదట, రేడియోవాడి బుర్ర మీద అసలే లేదట, రెండూ కలిపితే నిజం వస్తుందట. రెండో భాగంలో మనవాళ్ళు తన్నబోతుంటే నా మోచేతి మీద పొడిచింది.

"ఏమయ్యా ఓరిన్, లోకమంతా స్తంభాలకేసి చూస్తుంటే నువ్వు నేలకేసి చూస్తావేం?"

"బంతిని చూస్తున్నానండీ."

"బంతి గాల్లోకి లేచిపోయిందయ్యా!"

నేనింకా నేలకేసే చూస్తున్నానని అప్పుడు గాని నాకు తెలియలేదు.

"ఆ అరవై ఒకటి మన పిల్లాడే కదూ?" అంది.

"మన పిల్లాడు కాదండీ. లోర్నా కొడుకు."

ఆవిడ రేడియో చప్పుడు పెంచుకుంది. తొమ్మిదేళ్ళు మా ఇద్దరి మధ్యా కూర్చుని ఆవిడ సంచీలో పెప్పర్‌మింట్లన్నీ ఖాళీ చేసినవాణ్ణి ఆవిడ మరిచిపోతుందా.

తొమ్మిది ఎందుకు, పది ఎందుకు కాదు అంటే, ఆ రెండో భాగంలో బంతి. స్నాపర్ చేసేదల్లా తల కిందికి వంచి కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి విసరడం. అక్కడ ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని పట్టి నిలబెడతాడు, ఇంకొకడు తన్నుతాడు. బంతి సరిగ్గా వెళితే తన్నినవాడికి పేరు. తప్పితే విసిరినవాడికి. నిన్న అన్నీ బాణాల్లా వెళ్ళాయి, ఆ ఒక్కటి తప్ప. అది నేలకి ఆనుకుంటూ పోయింది. పట్టేవాడి చేతులు గొప్పవి కాబట్టి పైకి లాగి నిలబెట్టాడు. పెర్రిన్ ఎలాగో తన్నాడు, స్తంభం అంచు రాసుకుంటూ లోపల పడింది. మూడు పాయింట్లు వచ్చాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

వాడు బంతి వదలకముందే తల ఎత్తాడు. ఎదురుగా వచ్చేవాడు మీద పడతాడని. చిన్నప్పుడూ అంతే. మా వాకిట్లో ఎదురుగా కోడి కూడా లేకపోయినా ఎవరో వచ్చి గుద్దేస్తారన్నట్టు తల ఎత్తేసేవాడు. బంతి నా మడమలకి తగిలేది.

ఇది జట్టు గురించి. ఇక్కడితో ఆపాలి.

లోర్నా వాణ్ణి అయిదేళ్ళప్పుడు వెంటబెట్టుకుని ఈ ఇంట్లోకి వచ్చింది. పద్నాలుగేళ్ళప్పుడు వెంటబెట్టుకుని వెళ్ళింది. మేమెందుకు విడిపోయామన్నది మా ఇద్దరి గొడవ, దానికి ఇక్కడ చోటు లేదు. ట్రక్కు ఎవరికి, పడవ ఎవరికి అని కోర్టులో అడిగారు. వాడి గురించి నన్నెవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. వాడికి కన్నతండ్రి వ్యోమింగ్‌లో ఉన్నాడు. నేను వాళ్ళమ్మ మొగుణ్ణి, అదీ పోయాక ఏమీ కాను. సవతి తండ్రి అన్న మాట ఉంది గాని, మాజీ సవతి తండ్రి అంటే నవ్వుతారు.

మొదట్లో ఆదివారాలు ఫోన్ చేసేవాణ్ణి. వాడు కొత్త ఊళ్ళో కుదురుకోవాలి, కొన్నాళ్ళు ఆగు అంది లోర్నా. సబబుగానే తోచింది. ఆగాను.

ఆట అయ్యాక ఉత్తరం గేటు దగ్గర ఆటగాళ్ళ ఇళ్ళవాళ్ళు నిలబడతారు. నేను దక్షిణం గేటు నుంచి వచ్చేశాను. ట్రక్కు అటు వైపు పెట్టాను. ఎప్పుడూ అటే పెడతాను.

నిజానికి ఎప్పుడూ కాదు. కిందటేటి నుంచి పెడుతున్నాను.

సెప్టెంబరు 2, సోమవారం

సెప్టెంబరు మొదటి సోమవారం, కార్మికుల రోజు సెలవు. ఫైర్ స్టేషన్‌లో పాన్‌కేకుల ఫలహారం. ప్రతి ఏడూ ఊరంతా వస్తుంది, కాలేజీ జట్టు వడ్డిస్తుంది. ప్రతి ఏడూ వెళతాను కాబట్టి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. సెలవు కదా.

వరస పెద్దది. ఫైర్ ఇంజన్లు బయటపెట్టి లోపల బల్లలు వేశారు. బ్రాండ్ట్ పాన్‌కేకులు తిప్పుతున్నాడు, సగం మాడ్చాడు. ఆ చివర సాసేజిల పళ్ళెం దగ్గర వాడు. ఎప్రాన్ చిన్నదై ఛాతీ మీద ఆగిపోయింది. ఎంత ఎదిగాడు! మైదానంలో తెలియదు, అక్కడ అందరూ కొండలే. వరస మధ్యలో నాకు తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. వెనక దాణా కొట్టు నడిపే లేల్యాండ్ నిలబడి పెర్రిన్ తన్ను గురించి వర్ణిస్తున్నాడు, కదలనివ్వలేదు.

"ఒకటా, రెండా?" అన్నాడు వాడు, తల ఎత్తకుండా. తర్వాత ఎత్తాడు. "ఓరిన్."

"ఎమెట్."

"రెండు వేస్తాను. మీకిష్టం కదా."

మీకు అన్నాడు. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను నువ్వు అన్న నోరది. మర్యాద నేర్చుకున్నాడు, లోర్నా బాగా పెంచింది.

"అమ్మ బాగుందా?"

"బాగుంది. మీరు ఆటకి వచ్చారా?"

"టికెట్ ఉందిగా. వెళ్ళాను."

పటకారు పళ్ళెం మీద ఆపాడు. వెనక లేల్యాండ్ గొంతు వినబడుతూనే ఉంది. వాడు కొంచెం ముందుకు వంగి, నెమ్మదిగా, "ఎలా ఆడాం?" అని అడిగాడు. నా కళ్ళలోకి సూటిగా చూస్తూ అడిగాడు.

"బాగా ఆడారు. నువ్వు చాలా బాగా ఆడావు. ఒక్కటీ తప్పలేదు."

వాడి మొహం ఎలా మారిందో చెప్పలేను. మారిందనడం కన్నా ఏదో తలుపు వేసినట్టయింది అనాలి.

"అందరూ అదే అంటున్నారు," అని నా పళ్ళెంలో రెండు వేసి, నా భుజం మీదుగా లేల్యాండ్‌ని చూశాడు. "ఒకటా, రెండా?"

బల్ల దగ్గర కూర్చుని రెండూ తిన్నాను. కాఫీ తాగాను. సిరప్ ఎక్కువైంది.

సెప్టెంబరు 3, మంగళవారం

ఒక్కటీ తప్పలేదన్నాను.

సెప్టెంబరు 4, బుధవారం

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గ్రేడర్ మీదే. రైలు పట్టాల అవతల కంకర రోడ్డు చదును చేశాను. రెండు వైపులా మొక్కజొన్న మనిషెత్తు నిలబడి ఉంది. గ్రేడర్ మీద ఆలోచించుకోవడానికి బోలెడు తీరిక. అదే దానితో వచ్చిన చిక్కు.

గెలిచి వచ్చిన కుర్రాడితో పదిమందిలో వాడి తప్పు ఎత్తి చూపేవాడు ఎవడైనా ఉంటాడా? ఒక మంచి మాట అన్నాను. తప్పులు చెప్పడానికి కోచ్‌లున్నారు. అందుకు జీతాలు పుచ్చుకుంటున్నారు. నేను మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టాలి. కొట్టాను.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే మార్లిస్‌గారు ఫోన్ చేసింది.

"రేడియో విన్నావా? కోచ్ మాట్లాడాడు. రెండో భాగంలో బంతి కింది నుంచి వెళ్ళిందట. ఈ వారం కొత్తగా చేరిన మొదటి సంవత్సరం కుర్రాణ్ణొకణ్ణి కూడా ఆ చోట పరీక్షిస్తాడట. ఎవరు బాగా వేస్తే వాళ్ళేనట శనివారం. నువ్వు చూశావా ఆ బంతి?"

"చూశాను."

"చూస్తావులే, నేలకేసి చూసింది నువ్వొక్కడివే. మొన్న పాన్‌కేకుల దగ్గర వాడితో మాట్లాడావని లేల్యాండ్ చెప్పాడు. చెప్పావా మరి?"

"బాగా ఆడావన్నాను."

అవతల రేడియో కట్టేసిన చప్పుడు వినబడింది.

"ఓరి నీ మొహం మండ," అంది. "పదిమంది అన్న మాటే నువ్వూ అనడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళావా?"

ఇస్త్రీ చొక్కా సంగతి కూడా లేల్యాండ్ చెప్పాడన్నమాట.

"అనడానికి నేనెవర్నండీ?"

"నీది కొంగ జపమయ్యా ఓరిన్. నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి, నాకేమీ అక్కర్లేదన్నట్టు కళ్ళు మూసుకుంటావు. కడుపు నిండా ఆకలే. వాణ్ణి చూడ్డానికి కాకపోతే ఈ ఓడిపోయే జట్టుకి టికెట్ ఎందుకు కొన్నావు?"

"ఇరవై ఏళ్ళ నుంచి కొంటున్నాను కదండీ."

"వాడు వెళ్ళిపోయాక మూడేళ్ళు మానేశావు. ఆ సీటు ఖాళీగా ఉంటే నా కోటు పెట్టుకునేదాన్ని. కిందటేడు వాడి పేరు పత్రికలో పడిన వారానికి మళ్ళీ వచ్చావు. నేను అడిగానా? అడగలేదు. నా కోటు తీసి చోటిచ్చాను."

ఫోన్ పెట్టేసింది.

ఆవిడ చెప్పింది నిజమే. ఇరవై ఏళ్ళు అని నేను ఊరికే అనలేదు, అలాగే అనుకుంటూ వచ్చాను.

బీన్సూ మాంసం వేసిన చిల్లీ వేడి చేసుకుని, మొన్నటి తీపి సినమన్ రోల్ మిగిలితే అందులో ముంచుకుని తిన్నాను. ఆ రెండూ కలిపి తినడం వాడికి మహా ఇష్టం. ఒక్కడికి వండుకోవడం నాకింకా చేతకాలేదు. గిన్నె నిండా మిగిలింది.

సెప్టెంబరు 5, గురువారం

నాలుగింటికి పని దిగి, మట్టి బట్టలతోనే సాధన మైదానానికి వెళ్ళాను. అది కాలేజీ వెనక, ధాన్యం గోదాముల పక్కన. చుట్టూ ఇనప వల కంచె. గేటు దగ్గర ఒక అమ్మాయి కుర్చీ వేసుకుని కూర్చుంది.

"లోపలికి బయటివాళ్ళని పంపమండీ. మీరు ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదమ్మా. ఇక్కడ నిలబడి చూస్తే ఫరవాలేదా?"

"వల ఇవతల మీ ఇష్టం," అంది.

స్నాపర్లిద్దరూ అటు మూల ఉన్నారు. కొత్త కుర్రాడు పొడుగ్గా, తీరుగా ఉన్నాడు. అయిదు వేశాడు, అయిదూ ఒకే చోట పడ్డాయి. తర్వాత మనవాడు. మొదటిది బాగుంది. రెండోది బాగుంది. మూడోదానికి కోచ్ ఒకణ్ణి మీదికి ఉరికించాడు. తల లేచింది. బంతి నేల మీద దొర్లింది.

నీళ్ళు తాగడానికి ఇటు వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"ఓరిన్? ఏంటి ఇక్కడ?"

మాట వెతుక్కుంటే పారిపోతానని తెలిసి గబగబా అనేశాను.

"శనివారం, రెండో భాగంలో. తల ముందే ఎత్తావు. బంతి పట్టేవాడి మోకాలి కిందికి పోయింది. వాడి చేతులు మంచివి కాబట్టి బతికావు. ఇప్పుడూ అదే చేశావు."

వాడు హెల్మెట్ తీశాడు. జుట్టంతా చెమటకి అంటుకుపోయి ఉంది. నుదుటి మీద గీత, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డది, అలాగే ఉంది.

"నాకు తెలుసు," అన్నాడు.

"సరే. తెలిస్తే మంచిదే."

"నువ్వు చూశావనీ తెలుసు. సోమవారం అందుకే అడిగాను. మూడు రోజులు పట్టిందా నీకు?"

గొంతు పెరిగింది. గేటు దగ్గర అమ్మాయి ఇటు తిరిగింది.

"అమ్మ బాగుందంటుంది. నాన్న వ్యోమింగ్ నుంచి ఫోన్ చేసి అదరగొట్టావంటాడు, ఆయన ఆట చూడనే లేదు. పెర్రిన్ కూడా ఏం పరవాలేదన్నాడు. సరే, ఓరిన్ చెప్తాడులే అనుకున్నాను. నువ్వూ బయటివాడిలాగే మాట్లాడావు."

"బయటివాణ్ణే కదరా."

"ఎవరు చెప్పారు?"

వల పట్టుకున్నాను. దానికి జవాబుందని చాలా కాలంగా అనుకున్నాను.

"ఫోన్ ఎందుకు మానేశావు?" అన్నాడు. ఈసారి గొంతు తగ్గింది. తగ్గినందుకు ఇంకా కష్టమైంది.

"నువ్వు కుదురుకునేదాకా ఆగమంది మీ అమ్మ."

"అమ్మ చెప్పింది. నన్నడిగావా?"

"లేదు."

"వేరే కాలేజీవాళ్ళు ఫీజు కూడా మేమే కడతాం రమ్మన్నారు తెలుసా? వాళ్ళని కాదని ఇక్కడికొచ్చాను. కొంగల జట్టేమిట్రా అని మా స్కూల్లో అందరూ నవ్వారు. కిందటేడు ప్రతి ఆటకీ బెంచీ మీద కూర్చుని మన సీట్లకేసి చూసేవాణ్ణి. మార్లిస్ పక్కన నువ్వు. అదే టోపీ. ఒక్కసారి కూడా కిందికి దిగి రాలేదు. ఆట అవగానే ఎటో మాయమైపోయేవాడివి."

దక్షిణం గేటు, అని చెప్పబోయాను. అది జవాబు కాదు.

"నువ్వు నన్ను చూడలేదనుకున్నాను," అన్నాను.

"నువ్వు నన్ను చూడ్డానికి రాలేదనుకున్నాను నేను."

ధాన్యం గోదాము వైపు నుంచి లారీ ఒకటి వెళ్ళింది, దుమ్ము మా మీద పడింది. వాడు దగ్గాడు. నా జేబులో గుడ్డ తీసి వల కంతలోంచి ఇచ్చాను. గ్రీజు మరకలున్న గుడ్డ. దానితోనే మొహం తుడుచుకుని, నుదుటి మీద నల్లగా పూసుకున్నాడు. ఆ సంగతి నేను చెప్పలేదు.

"తల ఎలా ఆపాలి?" అన్నాడు.

"ఎదుటివాడు నిన్ను గుద్దుతాడు. ఎలాగూ గుద్దుతాడు. తల ఎత్తినా గుద్దుతాడు, ఎత్తకపోయినా గుద్దుతాడు. ఎత్తితే దెబ్బా తగులుతుంది, బంతీ పోతుంది. దెబ్బ ఒక్కటే మిగుల్చుకో."

నవ్వు రాబోయి ఆగింది వాడి మొహంలో. "ఇదా నీ సలహా?"

"ఇదే."

ఈల వేశారు. పెద్ద దేహం కుర్రాడొకడు, అడ్డుకునేవాళ్ళలో ఒకడనుకుంటాను, వాడి కోసం వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. నా మట్టి బట్టలు, టోపీ.

"ఎవర్రా ఆయన?"

ఎమెట్ అప్పటికే హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. ఇటు తిరగలేదు కూడా.

"మా ఓరిన్," అన్నాడు. మా వీధి, మా ఇల్లు అన్నంత మామూలుగా అన్నాడు. అని ఆ మూలకి పరుగెత్తాడు.

వెళ్ళొస్తానని చెప్పలేదు. గుడ్డ కూడా తిరిగివ్వలేదు.

నేను వల పట్టుకుని నిలబడే ఉన్నాను. కోచ్ చెయ్యెత్తాడు. వాడు బంతి మీదికి వంగాడు. ఎదురుగా ఇద్దరిని పెట్టారు ఈసారి. ఈల మోగింది, వాళ్ళిద్దరూ ఒక్కసారి ఉరికారు, బంతి కదిలింది.

అది ఎలా వెళ్ళిందో రాయలేను. నేను వాణ్ణే చూస్తున్నాను, ఆ బంతి నాకు కనబడలేదు.